మొదట ఏ సింథ్ ఆల్బమ్ వినాలి? తిరుపతి, చిత్తూరు శ్రోతలకు ఒక సలహా

ఎలక్ట్రానిక్ సంగీతం, అంటే సింథసైజర్ (పొట్టిగా సింథ్) అనే కరెంటు వాద్యం మీద పుట్టే సంగీతం, కొత్తగా వినాలనుకునేవాళ్ళకు ఎక్కడ చూసినా కళాకారుల పేర్లు ఒకటే వరసలో చెబుతారు. ముందు క్రాఫ్ట్‌వెర్క్, తర్వాత టాంజరీన్ డ్రీమ్, జార్, ఈనో, చివర్లో ఏఫెక్స్ ట్విన్. చరిత్ర రాసేవాళ్ళకు ఆ వరస సరిపోతుంది. వినేవాళ్ళకు అంతగా పనికిరాదు. విడుదలైన సంవత్సరాల ప్రకారం వింటూ పోతే మూడో ఆల్బమ్‌కే నీరసం వచ్చి, "ఇది మన ఒంటికి పడేది కాదులే" అని మళ్ళీ ఇళయరాజా పాటల్లోకి వెళ్ళిపోతారు. వెళ్ళడం తప్పేమీ కాదు. కాకపోతే వాళ్ళకు నిజంగా నచ్చే ఆల్బమ్ ఆ జాబితాలోనే నాలుగోదో అయిదోదో అయ్యుంటుంది, అక్కడిదాకా ఓపిక ఉండదు.

అందుకే ఎవరైనా సలహా అడిగితే నేను ముందు వాళ్ళనే ఒక మాట అడుగుతాను. మహతి ఆడిటోరియంలో కచేరీకి వెళ్ళారనుకోండి. గాయకుడు గొంతు విప్పకముందు తంబుర ఒక్కటే మోగుతుంటుంది. ఆ కాసేపూ మీకు హాయిగా ఉంటుందా? పాట ఎప్పుడెత్తుకుంటారా అని చూస్తుంటారా? లేక అసలు మీరు వచ్చిందే మృదంగం తని ఆవర్తనం కోసమా? శ్రుతి మీద చెవి ఉన్నవాళ్ళు, రాగం మీద చెవి ఉన్నవాళ్ళు, లయ మీద చెవి ఉన్నవాళ్ళు అని మన శ్రోతల్లో మూడు రకాలు ఎప్పుడూ ఉన్నారు. సింథసైజర్ సంగీతంలో కూడా ఈ మూడు దార్లే ఉన్నాయి. మీది ఏ చెవో తెలిస్తే ఆల్బమ్ ఎంచుకోవడం సగం అయిపోయినట్టే.

ఆక్సిజెనా, ఫేడ్రానా

కొత్తవాళ్ళకు ఎక్కువగా ఎదురయ్యే ప్రశ్న ఇదే. రెండూ 1970ల ఆల్బమ్‌లే, రెండింట్లోనూ గొంతు లేదు, రెండూ దాదాపు నలభై నిమిషాల లోపే. కానీ వినేటప్పుడు ఒకదానికొకటి సంబంధం లేనట్టు ఉంటాయి.

ఫ్రాన్స్‌కు చెందిన జాన్ మిషెల్ జార్ 'ఆక్సిజెన్'ను పారిస్‌లోని తన ఇంట్లో, ఎనిమిది ట్రాకుల టేప్ రికార్డర్ మీద తయారుచేశాడు. 1976లో వచ్చింది. ఆరు భాగాలు, పేర్లు లేవు, ఒకటి రెండు మూడు అనే అంకెలే. అతని దగ్గర పెద్ద సరంజామా ఏమీ లేదు. కొన్ని సింథసైజర్లు, ఎమినెంట్ కంపెనీ ఇంటి ఆర్గన్ ఒకటి, చిన్న రిథమ్ బాక్స్ ఒకటి. ఆ ఆర్గన్ శబ్దాన్ని గిటారిస్టులు కాలి కింద పెట్టుకునే ఫేజర్ పెడల్ గుండా పంపించాడు. ఆల్బమ్ మొత్తం వెనక గాలి తెరలు తెరలుగా కదులుతున్నట్టు వినిపించే శబ్దం అదే. దాని మీద ట్యూన్ వస్తుంది. నాలుగో భాగంలో ఆ ట్యూన్ ఎంత సూటిగా ఉంటుందంటే, ఒకసారి విన్న పిల్లలు కూడా మర్నాడు కూనిరాగం తీస్తారు. ఆ భాగమే ప్రపంచమంతా హిట్టయింది.

'ఫేడ్రా' రెండేళ్ళ ముందు, 1974లో వచ్చింది. బెర్లిన్ నుంచి వచ్చిన టాంజరీన్ డ్రీమ్ బృందంలో అప్పుడు ముగ్గురు: ఎడ్గర్ ఫ్రోజ్, క్రిస్టఫర్ ఫ్రాంకె, పీటర్ బౌమన్. వర్జిన్ రికార్డ్స్ వాళ్ళను ఇంగ్లాండులోని మేనర్ స్టూడియోకి పిలిపించి రికార్డు చేయించింది. ఇందులో ట్యూన్ కోసం వెతికితే దొరకదు. మోగ్ సీక్వెన్సర్ అని ఒక పెట్టె ఉంటుంది, ముందుగా అమర్చిన స్వరాలను అదే వరసలో మళ్ళీ మళ్ళీ వాయిస్తూ పోతుంది. మోగ్ వాళ్ళ సీక్వెన్సర్‌లో ఒక్కో వరసకు ఎనిమిది అడుగులు. ఆదితాళానికి అలవాటుపడ్డ చెవికి ఇది కొత్త విషయం కాదు. కొత్త ఏమిటంటే, ఆ పాత యంత్రాలు వేడెక్కే కొద్దీ శ్రుతి జారిపోయేవి. ఆల్బమ్ పేరే ఉన్న పదిహేడు నిమిషాల మొదటి ట్రాకులో కింది స్వరం మెల్లగా పక్కకు ఒరిగిపోవడం వినిపిస్తుంది, మిగతా వాద్యాలు దాన్ని పట్టుకోడానికి తంటాలు పడతాయి. స్టూడియోలో ఇంకొకరైతే టేపు చెరిపేసి మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళు. వీళ్ళు ఉంచేశారు. బ్రిటన్ చార్టుల్లో ఆ ఆల్బమ్ 15వ స్థానం దాకా వెళ్ళింది.

నా లెక్క ఇది. ట్యూన్ కావాలంటే జార్. శ్రుతి మీద కూర్చోగలిగితే ఫేడ్రా. ఇద్దరిలో గొప్పవాడెవరని అడిగితే నేను టాంజరీన్ డ్రీమ్ వైపే ఉంటాను, కానీ ఆ కారణంతో అందరికీ ఫేడ్రా ముందు పెట్టను. ఒక చిన్న తేడా కూడా గుర్తుంచుకోండి. ఆక్సిజెన్‌ను ఇంట్లో పని చేసుకుంటూ వినొచ్చు, వంటింట్లో కుక్కర్ కూత మధ్యలో పడినా దానికి ఏమీ కాదు. ఫేడ్రా అలా కుదరదు. రెండో ట్రాకులో మెలోట్రాన్ అనే వాద్యం మీద తీగలు లేని వయొలిన్ల గుంపు పొగమంచులా కమ్ముకుంటుంది. పక్కన టీవీ మోగుతుంటే అది ఉట్టి గొణుగుడే.

ఫేడ్రాకు నాకు తెలిసిన మంచి చోటు రైలు. తిరుపతి నుంచి చెన్నై వెళ్ళే సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో రేణిగుంట దాటాక ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే పుత్తూరు కొండలు కనిపించే వేళకు సీక్వెన్సర్ ఊపందుకుంటుంది. చక్రాల చప్పుడు లోపలికి కొంచెం రానివ్వండి, అడ్డం రాదు. అది అయిపోయాక ఆగకుండా 1975 నాటి 'రూబికాన్' వేసుకోవచ్చు. దాంట్లో రెండే ట్రాకులు, రెండూ పదిహేడు నిమిషాల పైన. ఫేడ్రా కన్నా నున్నగా, పొందికగా ఉంటుంది. ఫేడ్రాలోని ముళ్ళు గుచ్చుకున్నవాళ్ళు రూబికాన్‌తో మొదలుపెట్టినా నాకు అభ్యంతరం లేదు. రెండూ బాగా ఎక్కితే క్లౌస్ షుల్జ్ 'టైమ్‌విండ్' ఉంది, అదీ 1975దే. అందులో ఒక్కో ట్రాకూ అర్ధగంట దగ్గర. అరక్కోణం వస్తుంది, ట్రాకు మాత్రం పూర్తి కాదు.

జార్ తర్వాతి ఆల్బమ్ 'ఎకినాక్స్' (1978) గురించి కూడా అడుగుతారు. లయ జాస్తి, కొంచెం ఆడంబరం. ఆక్సిజెన్ నచ్చితే అదే మీ రెండోది. మొదటిదిగా వద్దు.

రాగం తెలిసినవాళ్ళకు దగ్గరి దారి

మన ఊళ్ళో సంగీతం నేర్చుకున్నవాళ్ళకు తక్కువేమీ లేదు. ఎస్వీ సంగీత కళాశాలలో చదివినవాళ్ళు, ఇంట్లో సాయంత్రాలు పిల్లలకు సరళీ వరుసలు చెప్పేవాళ్ళు, ఏమీ నేర్చుకోకపోయినా చిన్నప్పటి నుంచి అన్నమయ్య కీర్తనలు చెవిన పడ్డవాళ్ళు వీధికి పదిమంది దొరుకుతారు. వీళ్ళకు జర్మనీ నుంచి మొదలుపెట్టాల్సిన పని లేదు. బొంబాయి నుంచి మొదలుపెట్టొచ్చు.

చరణ్‌జిత్ సింగ్ హిందీ సినిమా ఆర్కెస్ట్రాల్లో వాయించిన వాద్యకారుడు. 1982లో రోలాండ్ అనే జపాన్ కంపెనీ యంత్రాలు మూడు ముందు పెట్టుకుని 'సింథసైజింగ్: టెన్ రాగాస్ టు ఎ డిస్కో బీట్' అనే ఎల్పీ చేశాడు, హెచ్ఎమ్‌వీ విడుదల చేసింది. పేరు చూస్తే పెళ్ళి బ్యాండు సరుకనిపిస్తుంది. అమ్ముడుపోలేదు, జనం మర్చిపోయారు. ఆ మూడు యంత్రాల్లో ఒకటి టీబీ-303 అనే చిన్న బేస్ పెట్టె. గిటార్ వాయించేవాళ్ళకు తోడుగా బేస్ మోగించడానికి రోలాండ్ దాన్ని తెచ్చింది, ఎవరూ కొనకపోతే కొన్నేళ్ళకే ఆపేసింది. 1987లో చికాగోలో కుర్రాళ్ళు అదే పెట్టె మీటలు తిప్పి చేసిన సంగీతానికి యాసిడ్ హౌస్ అని పేరొచ్చింది. 2010లో చరణ్‌జిత్ సింగ్ రికార్డు మళ్ళీ ముద్రించినప్పుడు విన్నవాళ్ళు నివ్వెరపోయింది అందుకే. చికాగో కన్నా అయిదేళ్ళ ముందు అదే పెట్టె, అదే జారుడు, కింద డ్రమ్ మెషీన్. పైన మాత్రం భైరవ్.

టీబీ-303లో ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారే ఏర్పాటు ఉంది. గమకం అనేంత గొప్పగా కాదు గానీ, మీటలు నొక్కిన హార్మోనియంలా తెగిపోకుండా స్వరాలు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. రాగం వాయించడానికి అది చాలు. రాగాల పేర్లు హిందుస్తానీవి కాబట్టి మనవాళ్ళకు కాస్త దారి చూపించాలి. మొదటి ట్రాకు భైరవ్, అంటే మన మాయామాళవగౌళ. సరళీ వరుసలు పాడిన ప్రతి గొంతుకూ తెలిసిన స్వరాలు. భూపాలి మన మోహన, 'చేరి యశోదకు శిశువితడు' పాడే రాగం. మాల్కౌన్స్ అంటే హిందోళం. యమన్ కల్యాణికి చుట్టం. కళావతిని వలజి అనుకోండి. చివరిది బైరాగి, మనకు రేవతి. 'నానాటి బదుకు నాటకము' రేవతిలో విని విని పెరిగినవాళ్ళు ఆ ట్రాకు మొదలైన అర నిమిషానికి ఉలిక్కిపడి ఫోన్ వైపు చూస్తారు. తోడి దగ్గర మాత్రం జాగ్రత్త, అది మన తోడి కాదు, శుభపంతువరాళి స్వరాలు.

మరి ఇంత మంచి ఆల్బమ్‌ను అందరికీ ఎందుకు చెప్పను? ఎందుకంటే పది ట్రాకుల కిందా దాదాపు ఒకటే తాళం, ఒకటే వేగం. రాగం మారుతుంది, గుండె చప్పుడు మారదు. చిత్తూరు బెల్లం అచ్చు ఒక ముక్క కొరికితే అమృతం, అచ్చంతా ఒకేసారి తినమంటే ఎవరి వల్లా కాదు, ఇదీ అంతే. రోజుకు రెండు ట్రాకులు, ఎక్కువైతే మూడు. భైరవ్, మాల్కౌన్స్, బైరాగి వినండి. లలిత్ తర్వాతెప్పుడైనా. రాగం వినే అలవాటు లేకుండా ఉట్టి డాన్స్ కోసం వచ్చినవాళ్ళకు ఇది పాతకాలపు వీడియో గేమ్ శబ్దంలా అనిపించే ప్రమాదం ఉంది. వాళ్ళకు వేరే దారి చెబుతాను.

దీని పక్కన పెట్టి పోల్చాల్సింది ఆలిస్ కోల్ట్రేన్. అమెరికాలో పేరు మోసిన జాజ్ పియానో, హార్ప్ కళాకారిణి. భర్త జాన్ కోల్ట్రేన్ పోయాక ఆధ్యాత్మిక మార్గంలోకి వెళ్ళి, కాలిఫోర్నియాలో ఆశ్రమం పెట్టి, అక్కడ భజనలు పాడించింది. 1980ల్లో, 90ల్లో ఆ భజనలను సింథసైజర్, ఆర్గన్ తోడుగా క్యాసెట్లుగా తెచ్చారు. బయట అమ్మకానికి కాదు, ఆశ్రమానికి వచ్చేవాళ్ళ కోసం. వాటి నుంచి ఏరిన పాటలు 2017లో 'ద ఎక్‌స్టాటిక్ మ్యూజిక్ ఆఫ్ ఆలిస్ కోల్ట్రేన్ తురీయసంగీతానంద' పేరుతో ఒకే ఆల్బమ్‌గా వచ్చాయి. 'ఓం రామ', 'హరి నారాయణ్', 'కేశవ మురహర' అని పాటల పేర్లు. నామం మనదే, చప్పట్లు మనవే, కానీ పాడే తీరులో అమెరికా నల్లజాతి చర్చి ఊపు ఉంటుంది. మధ్యలో ఓబర్‌హైమ్ సింథసైజర్ కింది నుంచి పైకి సర్రున లేస్తుంది, మొదటిసారి వింటే విమానం ఇంటి మీద నుంచి వెళ్తోందా అనిపిస్తుంది.

ఇంట్లో పెద్దవాళ్ళున్న గదిలో స్పీకర్ మీద పెట్టగలిగిన ఎలక్ట్రానిక్ ఆల్బమ్ ఏదైనా ఉందంటే ఇదే. చరణ్‌జిత్ సింగ్ పెడితే "ఆ టకటక తగ్గించరా" అంటారు. ఆలిస్ పెడితే "ఎవరమ్మా ఈమె, ఉచ్చారణ అట్లుంది గానీ భక్తి ఉంది" అంటారు. ఒక్క జాగ్రత్త. 2021లో 'కీర్తన్: తురీయ సింగ్స్' అని ఇంకో ఆల్బమ్ వచ్చింది. అది ఆమె గొంతు, ఆర్గన్ మాత్రమే. చాలా బాగుంటుంది, కానీ అందులో సింథసైజర్ లేదు. సింథ్ కోసం వెతికేవాళ్ళు 2017దే తీసుకోవాలి.

భారతదేశం మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. 1969లో అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ (ఎన్ఐడీ) అనే డిజైన్ కళాశాలకు ఒక మోగ్ సింథసైజర్ వచ్చింది. అమెరికన్ సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ దాన్ని అక్కడ అమర్చిపెట్టాడు. గీతా సారాభాయ్ లాంటివాళ్ళు దాని మీద చేసిన ప్రయోగాల టేపులు 2023లో 'ద ఎన్ఐడీ టేప్స్' పేరుతో బయటికొచ్చాయి. గర్వపడటానికి బాగుంటుంది, వినడానికి కష్టం. చాలా ట్రాకులు పాటలు కావు, యంత్రం ఏం చేయగలదో తట్టి చూసిన చప్పుళ్ళు. పది ఆల్బమ్‌ల తర్వాత వినండి.

క్రాఫ్ట్‌వెర్క్‌లో ఏది

లయ చెవి ఉన్నవాళ్ళు క్రాఫ్ట్‌వెర్క్‌తోనే మొదలుపెట్టాలి, అక్కడ జాబితాలతో నాకు తగవు లేదు. డ్యూసెల్డార్ఫ్ నగరపు ఈ బృందంలో ఏ ఆల్బమ్ అన్నదే ప్రశ్న. అందరూ 'ఆటోబాన్' (1974) అంటారు, ఎందుకంటే అది మొదట హిట్టయింది. అందులో ఆల్బమ్ పేరే ఉన్న పాట ఇరవై రెండు నిమిషాలు, హైవే మీద కారు ప్రయాణం. తిరుపతి నుంచి చిత్తూరుకు కారులో వెళ్ళేటప్పుడు చంద్రగిరి దాటాక ఇది పెడితే సరదాగానే ఉంటుంది, పాట అయ్యేసరికి పాకాల అటూ ఇటూగా ఉంటారు. కానీ రెండో వైపు ఉన్న ట్రాకులు ఆ స్థాయివి కావు. 'ట్రాన్స్-యూరప్ ఎక్స్‌ప్రెస్' (1977) అన్నిట్లోకీ లోతైనది, చల్లనిది కూడా. న్యూయార్క్ హిప్‌హాప్ వాళ్ళు 1982లో 'ప్లానెట్ రాక్' చేసినప్పుడు ఆ ట్యూన్ ఇక్కడి నుంచే తీసుకున్నారు. 'ద మ్యాన్ మెషీన్' (1978) అన్నిట్లోకీ ముద్దుగా ఉంటుంది.

నేను మాత్రం 'కంప్యూటర్ వరల్డ్' (1981) చెబుతాను. ముప్పై నాలుగు నిమిషాలే, ఒక్క వృథా ట్రాకు లేదు. బ్యాంకులు, పోలీసులు, అంకెలు, ఇంట్లో కంప్యూటర్, జేబులో క్యాలిక్యులేటర్. ఇంటింటికీ కంప్యూటర్ రాకముందే రాసిన పాటలివి. ప్రతి చేతిలో ఫోన్ పే మోగుతున్న ఈ రోజుల్లో వింటే నవ్వూ వస్తుంది, కాస్త భయమూ వేస్తుంది. క్యాలిక్యులేటర్ పాటలో ఒక మీట నొక్కితే చిన్న ట్యూన్ మోగుతుందని పాడతారు, వెంటనే నిజంగానే మోగుతుంది. మొహం బిగించుకుని జోకు వేసే మనుషులు వీళ్ళు. 'నంబర్స్' ట్రాకులో రకరకాల భాషల్లో ఒకటి రెండు మూడు లెక్కపెడతారు, కింద దెబ్బ మాత్రం ఎక్కడా తొణకదు. మృదంగం నేర్చుకునే కుర్రాడికి ఒక్కసారి వినిపించి చూడండి, వేళ్ళు వాటంతటవే బల్ల మీద పడతాయి.

క్రాఫ్ట్‌వెర్క్ మరీ బిగుసుకుపోయి ఉందనిపిస్తే, లేచి ఆడాలనిపించే సంగీతం కావాలంటే జార్జో మొరోడర్ 'ఫ్రమ్ హియర్ టు ఎటర్నిటీ' (1977). ఇంకా కొత్తది, పాటలు ఉన్నది కావాలంటే డాఫ్ట్ పంక్ 'డిస్కవరీ' (2001). అదే డాఫ్ట్ పంక్ 2013 ఆల్బమ్ 'రాండమ్ యాక్సెస్ మెమరీస్'కు గ్రామీ వచ్చింది కదా, దాంతో మొదలుపెట్టొచ్చా అంటారు. అందులో ఎక్కువ భాగం మనుషులు వాయించిన గిటార్, డ్రమ్స్. మంచి ఆల్బమ్, సింథ్ కోసం వచ్చినవాళ్ళకు మాత్రం కాదు.

రాత్రి వినడానికి

బ్రయన్ ఈనో 'మ్యూజిక్ ఫర్ ఎయిర్‌పోర్ట్స్' (1978), ఏఫెక్స్ ట్విన్ 'సెలెక్టెడ్ యాంబియెంట్ వర్క్స్ వాల్యూమ్ టూ' (1994). నిద్రకో చదువుకో ఏదైనా చెప్పమంటే ఈ రెండు పేర్లే వస్తాయి. ఈ రెండింట్లో నిద్రకు ఈనో. ఏఫెక్స్ ట్విన్‌ది రెండున్నర గంటల పైన సాగుతుంది, చాలా ట్రాకులకు పేర్లే లేవు, అందులో కొన్ని లాలిపాటల్లా ఉంటాయి, కొన్ని పీడకలల్లా ఉంటాయి. నిద్రలో ఉండగా ఏది వస్తుందో చెప్పలేం. కొంచెం లయతో చదువుకోడానికి కావాలంటే అదే ఏఫెక్స్ ట్విన్ మొదటి సంపుటం, '85–92' అని ఉన్నది, 1992లో వచ్చింది. పేర్లు ఒకేలా ఉన్నాయని రెండూ ఒకటే అనుకోకండి.

ఈనో ఆల్బమ్ పని చేసే తీరు తెలిస్తే ఇంకా బాగుంటుంది. రెండో ట్రాకులో కొన్ని గొంతులు ఒక్కో స్వరం మాత్రమే పట్టి పాడతాయి. ఒక్కో స్వరాన్ని ఒక్కో టేపు ముక్క మీద ఎక్కించి, ఆ ముక్కను గుండ్రంగా అతికించి తిప్పాడు. ఒకటి ఇరవై మూడు సెకన్ల చిల్లరకు తిరిగొస్తుంది, ఇంకొకటి ఇరవై అయిదు చిల్లరకు, మరొకటి ఇరవై తొమ్మిది చిల్లరకు. లెక్కలు కలవవు కాబట్టి స్వరాలు ప్రతిసారీ కొత్త జతలుగా పడతాయి. ఎవరూ వాయించడం లేదు, అయినా ఎవరో ఆలోచించి పాడుతున్నట్టే ఉంటుంది. సౌండ్ చాలా తక్కువ పెట్టండి, సీలింగ్ ఫ్యాన్ చప్పుడు కన్నా కొంచెం పైన. మే నెలలో తిరుపతిలో ఫ్యాన్ ఆపి సంగీతం వినమని చెప్పే ధైర్యం నాకు లేదు. ఈ ఆల్బమ్‌కు ఆ అవసరమూ లేదు. విమానాశ్రయంలో జనం, ప్రకటనలు, పెట్టెల చక్రాలు, వాటన్నిటి మధ్యా మోగాలని చేసిందే కదా. మన రేణిగుంట విమానాశ్రయంలో ఎవరైనా ఒక్కరోజు పెట్టి చూస్తే బాగుండు.

నిద్ర పట్టని రాత్రికి మాత్రం వాంగెలిస్ 'బ్లేడ్ రన్నర్'. సినిమా 1982లో వచ్చింది, సంగీతం ఆల్బమ్‌గా బయటికి రావడానికి 1994 దాకా పట్టింది. వీణ, వయొలిన్ ఇష్టపడేవాళ్ళకు ఇది నేను తప్పకుండా చెబుతాను. కారణం యమహా సీఎస్-80 అనే వాద్యం. వంద కిలోల దాకా బరువు, ఎత్తాలంటే నలుగురు కావాలి. దాని ప్రత్యేకత, మీట నొక్కాక ఇంకా గట్టిగా ఒత్తితే ఆ ఒక్క స్వరం మాత్రమే ఉబ్బుతుంది, పక్క స్వరాలు అలాగే ఉంటాయి. పైన ఒక పట్టీ మీద వేలు రాస్తే స్వరం జారుతుంది. కీబోర్డు మీద గమకం రాదని పెదవి విరిచే మేష్టార్లకు ఈ ఆల్బమ్ మొదటి ట్రాకు వినిపించండి. చివర్లో ఒప్పుకోకపోయినా, మధ్యలో తల ఊపుతారు.

ఏ చోట, దేనితో వినాలి

ఫోన్ స్పీకర్ మీద ఇందులో ఏదీ వినకండి. టీబీ-303 గానీ మోగ్ బేస్ గానీ ఫోన్ స్పీకర్‌లో అసలు రాదు, పై కూతలు మాత్రమే వస్తాయి. "ఇదేం సంగీతం, కీచుమంటోంది" అనే మాట ఎక్కువసార్లు ఫోన్ స్పీకర్ వల్లే వస్తుంది. ఖరీదైనవి అక్కర్లేదు. చెవిలో సరిగ్గా బిగిసే మామూలు వైరు ఇయర్‌ఫోన్లు చాలు. బిగిసి ఉండకపోతే మాత్రం ఎంత ఖరీదైనదైనా బేస్ పోతుంది. రబ్బరు తొడుగు సైజు మార్చి చూడండి.

యాప్‌లో షఫుల్ తీసేయండి, పాటకూ పాటకూ మధ్య కలిపేసే క్రాస్‌ఫేడ్ కూడా తీసేయండి. ఆక్సిజెన్ భాగాలు ఒకదాంట్లోకి ఒకటి వెళ్ళేలా జార్ తనే కలిపాడు, దాని మీద యాప్ మళ్ళీ కలిపితే పాడవుతుంది. డబ్బు కట్టని ప్లాన్ వాడేవాళ్ళకు ఇంకో చిక్కు, ప్రకటనలు. చిన్న ట్రాకులున్న ఆల్బమ్‌లో ప్రకటన పెద్దగా బాధించదు. ఫేడ్రా మొదటి ట్రాకు పదిహేడు నిమిషాలు విని, ఇంకా ఆ మబ్బులోనే ఉండగా సబ్బు ప్రకటన వస్తే ప్రాణం విసిగిపోతుంది. అలాంటివాళ్ళు ముందు కంప్యూటర్ వరల్డ్‌తో సరిపెట్టుకుని, పెద్ద ట్రాకులున్నవి డౌన్‌లోడ్ దొరికినప్పుడు వినడం మేలు.

తిరుమల మెట్లెక్కుతూ వినడానికి ఏది బాగుంటుందని కుర్రాళ్ళు అడుగుతుంటారు. ఏదీ వద్దు. మూడువేల అయిదువందల పైచిలుకు మెట్లు, చిరుతల భయం ఉన్న అడవి దారి, చుట్టూ గోవింద నామం. చెవులు తెరిచే ఉంచుకోండి. కొండ మీద నుంచి బస్సులో దిగేటప్పుడూ వద్దు, ఆ మలుపుల్లో ఫేడ్రా వింటే కడుపులో తిప్పుతుంది.

లత గొంతు ఇష్టమైనవాళ్ళకు ఒక్క మాట. ఫోర్ టెట్ 'మార్నింగ్/ఈవెనింగ్' (2015) రెండే ట్రాకులు, ఒక్కోటి ఇరవై నిమిషాలు. మొదటి దాంట్లో లతా మంగేష్కర్ పాత హిందీ పాట గొంతు సింథ్‌ల మధ్య తేలుతూ వస్తుంది. పొద్దున్నే కాఫీతో మొదటి ట్రాకు వినండి, రెండోది సాయంత్రానికి ఉంచండి. పేరులోనే చెప్పాడు కదా.

ఇక వెండీ కార్లోస్ 'స్విచ్డ్-ఆన్ బాక్' (1968) సంగతి. మోగ్ మీద బాక్ సంగీతం. అప్పటి మోగ్ ఒకసారి ఒక్క స్వరమే పలికేది, అందుకే ఒక్కో గొంతునూ విడిగా రికార్డు చేసి పొరలు పొరలుగా కట్టారు. మూడు గ్రామీలు వచ్చాయి. సింథసైజర్ అనే వస్తువును ఇంటింటికీ తెలిపిన రికార్డు అదే. కానీ మామూలు స్ట్రీమింగ్ యాప్‌లలో దొరకదు, వెతికి టైమ్ వేస్ట్ చేసుకోకండి. ఆ పేరుతో కనిపించేవి ఎక్కువగా వేరేవాళ్ళు వాయించినవి. చెన్నై వెళ్ళినప్పుడు పాత రికార్డుల దుకాణంలో ఎల్పీ కనిపిస్తే కవరు చూసి మురిసిపోయి డబ్బులు తీయకండి. రికార్డు బయటికి తీసి వెలుతురుకు ఏటవాలుగా పట్టండి. వెంట్రుకవాసి గీతలు పర్వాలేదు, గోటికి తగిలే గీత ఒక్కటున్నా ధర సగానికి తగ్గించమనండి, తగ్గించకపోతే వదిలేయండి.